నంబరు బయటికే కనబడాలి

టైర్ల గురించి నన్నెవరైనా సలహా అడిగితే మా ఇంట్లోవాళ్లు మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లిపోతారు. మొదలుపెడితే ఆపనని వాళ్లకు అనుభవం. కొత్తగా స్టీరింగు పట్టిన మీరైతే పెద్దమనిషన్న మొహమాటానికైనా కాసేపు కూర్చుంటారు కదా, అందుకే మీకు చెబుతున్నాను. సర్కారు బండ్లు నడిపీ నడిపీ తల నెరిసినవాణ్ని. ఎవరినీ గుద్దలేదు, తాగి బండెక్కలేదు, డీజిలు అమ్ముకోలేదు. ఇన్ని మంచి గుణాలున్న మనిషిని ఒక వానాకాలమంతా నాలుగు టైర్లు నవ్వులపాలు చేశాయి. ఎవరో నా నెత్తిన పెట్టినవైతే బాధ ఉండేది కాదు. వాటిని ఏరి కోరి తెచ్చుకున్నది నేనే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అన్నీ అప్పుడు పాలమూరు జిల్లాలోనివే. మా ఆఫీసు నాగర్‌కర్నూలులో. సంచార వైద్యశాల బండికి నేను డ్రైవర్ని. ఆ బండి సగం దవాఖాన, సగం ఇల్లు. వెనకభాగంలో ఎడమపక్క మందుల అల్మారా, దాన్ని ఆనుకుని ఒక మనిషి పడుకునేంత బల్ల. కుడిపక్క కిరోసిన్ స్టవ్వు, నీళ్ల డబ్బా, రెండు మడత కుర్చీలు. బుధవారం బయలుదేరి మన్ననూరులో మకాం వేసేవాళ్లం. గురువారం నల్లమలలోని పెంటలు తిరిగి, శుక్రవారం లింగాల మీదుగా ఇల్లు చేరేవాళ్లం. పెంట అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, అడవిలో చెంచుల గూడెం.

నాతోపాటు బండిలో ఉండేది ఒక నర్సమ్మ. చిన్నాపెద్దా అందరమూ సిస్టరమ్మ అనేవాళ్లం. గద్వాల నేతవాళ్లింటి బిడ్డ. తండ్రి మగ్గం ముందు పుట్టి పెరిగింది కాబట్టి ఏ వస్తువు చూసినా ముందు దాని అంచు చూస్తుంది, తర్వాతే మిగతాది. సూది వేస్తే పిల్లలు ఏడవరు గానీ, ఆమె మాట పడితే పెద్దవాళ్లకు కళ్లలో నీళ్లు తిరిగేవి. రాత్రిపూట బండిలోని బల్ల ఆమెది, మన్ననూరులో అటవీశాఖ చెక్‌పోస్టు వరండా నాది. అలా రెండేళ్లుగా ఏ పేచీ లేకుండా నడిచిపోతోంది.

గురువారం మేం చేరాల్సిన చివరి పెంటలో ఒకతను ఉండేవాడు. అటవీశాఖలో వాచరు. పులి అడుగులు చూసి, అది ఎప్పుడు పోయింది, ఎటు పోయింది, ఒంటరిగా పోయిందా, పిల్లల్ని వెంటేసుకుని పోయిందా అని చెప్పడం అతని కొలువు. ఆ ఏడు అతనికి క్షయ పట్టింది. రెండు నెలలు దవాఖానలో ఉండి మందు మింగి, కొంచెం తేరుకుని పెంటకు వచ్చాడు. ఇంకా నాలుగు నెలల మందు మిగిలింది. ప్రతి గురువారం సిస్టరమ్మ కళ్లముందు ఒక మోతాదు మింగాలి, మిగతా వారానికి మాత్రల పట్టీ చేతికివ్వాలి. మధ్యలో ఆగిందా, రోగం మొండికెత్తుతుంది, మందు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. వారం వారం మన్ననూరు దాకా నడిచి వచ్చే ఊపిరి అతనికి లేదు. కాబట్టి అతను బతికి బట్టకట్టడం సగం సిస్టరమ్మ చేతిలో ఉంటే, సగం నా బండి చక్రాల మీద ఉంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఇంత చేశాను.

వానలకు ముందే బండి టైర్లు నున్నబడ్డాయి. రూపాయి బిళ్ల గాడిలో నిలబెడితే దాని అంచు కూడా మునగడం లేదు. కొత్తవి ఏ రకం కావాలో రాసి ఇమ్మని ఆఫీసులో నన్నే అడిగారు. అన్నేళ్ల కొలువులో నా అభిప్రాయం ఎవరైనా అడగడం అదే మొదటిసారి. దాంతో నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

మా బండికి రెండు గండాలు. వానాకాలంలో అడవి బాటలో ఎర్రబురద. చలికాలంలో మన్ననూరు దాటాక, పొద్దున్నే మంచు కురిసి తడిసిన తారురోడ్డు. బురదకు గుబ్బల టైరు మంచిది, గుబ్బలు మట్టిలో దిగి పట్టుకుంటాయి. తడి తారుకు గీతల టైరు మంచిది, దాని రబ్బరు ఎక్కువ భాగం రోడ్డుకు ఆనుతుంది, నీళ్లు గీతల్లోంచి పోతాయి. రెండూ ఒకే టైరులో దొరకవు. ఇంత చిన్న సంగతి తేల్చడానికి నేను మూడు ఊళ్లు తిరిగాను. గద్వాలలో తెలిసిన డ్రైవరు గీతలవే వేయించుకోమన్నాడు. కొల్లాపూర్‌లో మామిడికాయల జీపు తోలే అతను, పాతవాటికే మళ్లీ రబ్బరు కట్టించుకుంటే చాలన్నాడు. లింగాలలో ఒక ట్రాక్టరు రైతు మాత్రం గుబ్బలవే కావాలన్నాడు. నేను గుబ్బలవని బయలుదేరేముందే అనుకున్నాను. ఆ రైతుకు చాయ్ తాగించి, ఆయనంత తెలివైన మనిషి జిల్లాలో లేడని అందరికీ చెప్పాను. చలికాలం సంగతి చలికాలంలో చూసుకుందామనుకున్నాను.

టైర్లు వచ్చాయి. ట్రాక్టరు టైర్లలాగా గుబ్బలు ఏటవాలుగా, బాణం ములుకుల్లా ఒకే దిక్కు తిరిగి ఉన్నాయి. చూస్తే కడుపు నిండిపోయింది. ఇక్కడే మా హెడ్ క్లర్కు రంగంలోకి దిగాడు.

ఆయన కొల్లాపూర్ మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తప్ప ఇంకోటి వేసేవాడు కాదు. ఆఫీసులో నీళ్లకుండకు కూడా నంబరు వేయించిన ఘనుడు. నవ్వకండి, దానికో కారణం ఉంది. వెనక ఎప్పుడో ఆఫీసు జీపు కొత్త టైరు విప్పుకుని ఎవరో పాతది తగిలించి పోయారు. సంజాయిషీ ఆయన రాసుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ఏ కొత్త టైరు వచ్చినా ఇనుప అచ్చు ఎర్రగా కాల్చి దాని పక్కమీద ఆఫీసు నంబరు వేయించేవాడు. నంబరు బయటికే కనబడాలి, నడిచిపోయే మనిషికి కూడా కనబడాలి. అది ఆయన ఆజ్ఞ. పైగా కంపెనీవాడి నంబరు టైరుకు ఒకపక్కనే ఉంటుంది కదా, మన నంబరూ దాని పక్కనే ఉంటే రెండూ ఒక్క చూపులో సరిచూసుకోవచ్చని, నాలుగు టైర్లకూ ఆ పక్కనే కాల్పించాడు. వరండా అంతా రబ్బరు కమురు కంపు కొట్టింది. పని ఎంత పద్ధతిగా ఉందని నేను మెచ్చుకున్నాను కూడా.

వాటిని ఎక్కించడానికి వనపర్తి తీసుకెళ్లాను. అక్కడ టైర్ల చాచా ఒకాయన ఉండేవాడు. తెల్లగడ్డం, తక్కువ మాట, ఆయన చేయి పడితేనే నాకు ధైర్యం. మొదటి టైరు రిమ్ముకెక్కిస్తూ ఆయన ఆగి, కళ్లజోడు పైకి తోసి నన్ను పిలిచాడు.

"డ్రైవర్ సాబ్, జర ఈ బాణం గుర్తు సూడుండ్రి. చక్రం ఇటే తిరగాలంటున్నది. నాల్గు నంబర్లు బయటికి పెడ్తే ఎడమదిక్కు రెండు ఉల్టా తిర్గుతయి."

"నంబరు బయటికే ఉండాలె చాచా, ఆర్డరు. బాణం కంపెనీవాడు షోకుకు ఏసిండు," అన్నాను.

చాచా నన్ను ఒక్క క్షణం చూసి, చెప్పినట్టే ఎక్కించాడు. ఆ చూపు అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మీకు అర్థమైందో లేదో ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే నాకు ఒక్కసారికి అర్థం కాలేదు. అలాంటి టైరు బాణం చూపిన దిక్కుకు తిరిగితే గుబ్బల మధ్య బురద పక్కలకు జారి బయటపడుతుంది. ఎదురుదిక్కుకు తిరిగితే బురదంతా మధ్యలోకి కూరుకుని టైరు గుండ్రాయిలా తయారవుతుంది. అంటే నా బండి కుడి చక్రాలు సవ్యంగా, ఎడమ చక్రాలు అపసవ్యంగా తిరుగుతున్నాయి. తారురోడ్డు మీద ఏ తేడా తెలియదు. నాగర్‌కర్నూలు నుంచి మన్ననూరు దాకా ఈలవేసుకుంటూ పోయాను.

మొదటి పెద్దవాన పడ్డాక వచ్చిన గురువారం, చివరి పెంటకు రెండు మైళ్లు ఉందనగా ఎడమ వెనక చక్రం దిగబడింది. గేరు వేస్తే అది ఒక్కటే గిర్రున తిరుగుతుంది, కుడిది చోద్యం చూస్తుంది. కొమ్మలు వేశాను, రాళ్లు వేశాను, చివరికి గోనెసంచీ కూడా వేశాను. బండి కదల్లేదు. సిస్టరమ్మ కాసేపు చూసి, మందుల సంచీ భుజానికి తగిలించుకుని, గొడుగు పట్టుకుని నడిచి వెళ్లింది. మాత్ర మింగించి చీకటి పడకముందే తిరిగి వచ్చింది. చీర మోకాళ్ల దాకా ఎర్రగా ఉంది. "కొత్త టైర్లు మంచిగున్నయి," అని మాత్రం అంది.

తెల్లారి పెంటవాళ్లు వచ్చి తోస్తే గానీ బండి బయటపడలేదు. మరుసటి గురువారమూ అదే చోటు, అదే ఎడమ చక్రం. ఇక నా బుర్ర పరుగు మొదలుపెట్టింది. ఎడమవైపే ఎందుకు దిగబడుతోంది? బరువు ఎడమవైపు ఉంది కాబట్టి. అల్మారా విప్పి కుడివైపు బిగించాను. దానికి చోటు కోసం తేలికపాటి స్టవ్వు ఎడమకు మార్చాను. అయినా దిగబడింది. ఇక ఎడమవైపు మిగిలిన పెద్ద బరువు సిస్టరమ్మ బల్ల ఒక్కటే. "సిస్టరమ్మా, నువ్వు జర కుడిదిక్కు కూసుంటె బండి బరువు సమానమైతదేమో" అని ఎంతో మర్యాదగా అడిగాను. ఆమె నాతో రెండు ట్రిప్పులు మాట్లాడలేదు. ఆ రెండు ట్రిప్పులూ నాకు చాయ్ లేదు. కుడివైపు కూర్చుంది గానీ చక్రం మాత్రం దిగబడింది. ముందు టైర్లతో నిమ్మకాయలు తొక్కించాను, ఎడమ అద్దానికి మిరపకాయలు కట్టాను. గాలి తగ్గించాను, పెంచాను. బాణం గుర్తు మాత్రం గుర్తుకు రాలేదు. ఎలా వస్తుంది, షోకుకు వేసిందని తీర్పు చెప్పినవాణ్ని నేనే కదా.

కొన్ని గురువారాలు నేల కాస్త ఆరి ఉంటే ఈదుకుంటూ చేరాం. వాన పడిన గురువారాలు సిస్టరమ్మ నడిచింది. ఒకసారి వాగు నిండి ఆమె కూడా దాటలేకపోయింది. వాగు తగ్గేదాకా ఆగి శనివారం మందు చేర్చేసరికి అతనికి రెండు రోజుల మందు తప్పింది. తిరుగుదారిలో ఆమె ఏడ్చింది. నన్ను తిట్టివుంటే బాగుండేది.

ఈ సంగతి ఆఫీసుకు చేరింది. అక్కడ దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. కొత్త టైర్లిచ్చినా బండి పోవడం లేదంటే డ్రైవరుకు పోవాలని లేదన్నమాట. హెడ్ క్లర్కు నన్ను పిలిచి, వచ్చే గురువారం తానే బండిలో వస్తానన్నాడు. బండి పెంటకు చేరితే సరే. చేరకపోతే ఇకమీదట మన్ననూరులోనే ఆపుతారు, మందు కావలసినవాళ్లే వచ్చి తీసుకోవాలి. ఆ మాట విన్నప్పుడు నాకు నా పరువు గుర్తుకు రాలేదు. ఊపిరందక నాలుగడుగులకొకసారి ఆగే ఆ మనిషి గుర్తుకొచ్చాడు. మన్ననూరు దాకా అతను రాడు. మానేస్తాడు.

ఆ గురువారం పొద్దున మన్ననూరు గేటు దాటేసరికే తుంపర పడుతోంది. హెడ్ క్లర్కు ముందు సీట్లో, తెల్లబట్టల్లో, ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. సిస్టరమ్మ వెనక, కుడిపక్కన. నేను తెలిసిన దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కుకున్నాను. ఆ మలుపు వచ్చింది. బండి ఎడమవైపు ఒరిగి, ఒకసారి మూలిగి, ఆగిపోయింది.

హెడ్ క్లర్కు ఫైలు తెరిచి పెన్ను మూత తీశాడు. నేను దిగి పార పట్టుకున్నాను. అంతలో మేం వచ్చిన దారిలో, వెనకనుంచి దగ్గు వినిపించింది. చూస్తే మా వాచరే, కట్టె పట్టుకుని మెల్లగా వస్తున్నాడు. పెంట మా ముందుంది కదా, ఇతను వెనకనుంచి ఎలా వచ్చాడని ముగ్గురమూ నోరెళ్లబెట్టాం. సిస్టరమ్మ గబగబా పోయి చేయి పట్టుకుని, మడత కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ముందు మాత్ర మింగించింది. ఊపిరి సర్దుకున్నాక అతనే చెప్పాడు. మందు అయిపోయింది, బండి ఎలాగూ దిగబడుతుంది, అమ్మను ఎన్నిసార్లు నడిపిస్తానని తానే ఎదురు బయలుదేరాడట. వాగు పక్క అడ్డదారిన పడి, మా వెనక ఎక్కడో బాట మీదికి తేలాడు.

"బాట మీద బండి గుర్తులు సూసి పరేషాన్ అయిన," అన్నాడు. "కుడిచక్రం పెంట దిక్కు పోతున్నది. ఎడమచక్రం మన్ననూరు దిక్కు వాపసు పోతున్నది. మీరు వచ్చిండ్రో పోయిండ్రో తెల్వక శానసేపు ఆడనే నిలబడ్డ."

"మరి ఇటే ఎందుకొచ్చినవ్?" అని సిస్టరమ్మ అడిగింది.

"అమ్మ మందియ్యకుండ వాపసు పోదు గదా. కుడిదాన్నే నమ్మిన."

హెడ్ క్లర్కు పెన్ను పట్టుకునే దిగి వచ్చాడు. నలుగురమూ బండి వెనక వంగి నేల చూశాం. తడిమట్టిలో గుర్తులు అచ్చు గుద్దినట్టున్నాయి. కుడివైపు బాణాలన్నీ ముందుకు చూస్తున్నాయి, ఎడమవైపు బాణాలన్నీ వెనక్కి చూస్తున్నాయి. రెండు నెలలుగా ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతున్న నాకు కనిపించనిది, పులి జాడలు చూసే కళ్లకు దగ్గుతూ నడిచి వస్తుండగానే కనిపించింది. "చీర ఒకదిక్కు అంచు సీదాగ, ఒకదిక్కు ఉల్టాగ నేసినట్టున్నది," అంది సిస్టరమ్మ. నాకు కళ్లముందు వనపర్తి చాచా గడ్డం, పైకి తోసిన కళ్లజోడు కదిలాయి.

దాచి లాభం లేదు. చాచా చెప్పింది, నేను కొట్టిపారేసింది అంతా హెడ్ క్లర్కుకు చెప్పేశాను. ఇప్పుడు ఈ వెనక ఎడమ టైరు ఒక్కటి విప్పి, తిరగేసి ఎక్కిస్తే బండి బయటపడుతుందని కూడా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. తర్వాత అడిగాడు.

"తిరగేస్తె నంబరు ఎటుపోతది?"

"లోపలికి పోతది సారు."

ఆయన ముఖం చూడాలి. ఏదో కుటుంబ మర్యాద మంటగలిసిందని విన్నవాడిలా నిలబడిపోయాడు. నంబరు లోపలికి పోతే చూసేదెట్లా, ఎవరైనా మార్చేస్తే తెలిసేదెట్లా, మళ్లీ సంజాయిషీ ఎవరు రాయాలి అని తనలో తనే గొణుక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది. సగం తప్పు నాదైనప్పుడు కోపానికి పెద్దగా బలం ఉండదు. కుర్చీలోంచి దగ్గు మళ్లీ వచ్చింది. ఈసారి చాలాసేపు ఆగలేదు. సిస్టరమ్మ అతని వీపు నిమురుతూ, తల ఎత్తకుండానే అంది.

"కింద పండుకొని సూస్తె లోపటి నంబరు కనబడ్తది సారు."

హెడ్ క్లర్కు ఆ మనిషి వైపు చూశాడు, తన తెల్లచొక్కా వైపు చూసుకున్నాడు. ఫైలు సీట్లో పెట్టి చేతులు పైకి మడిచాడు. "పంపు యాడున్నది?" అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. బురదలో వంగడానికి వీల్లేక ఊరుకున్నాను.

వెడల్పాటి బండరాయి వెతికి దాని మీద జాకీ పెట్టాను. చక్రం విప్పి, గాలి తీసి, ఇనుప పట్టీలతో టైరును రిమ్ము నుంచి ఒలిచి, తిరగేసి మళ్లీ ఎక్కించాను. చాచా అయితే చాయ్ చల్లారేలోపు చేసేస్తాడు. నాకు ఒంటిపూట పట్టింది. వాచరు కుర్చీలోంచి బాణం దిక్కు మూడుసార్లు చూపించి మరీ సరిచేయించాడు, ఈసారి నేను నోరు మూసుకుని విన్నాను. గాలి కొట్టింది హెడ్ క్లర్కు. వందదాకా లెక్కపెట్టి ఆగుతాడు, ఊపిరి తీసుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. చక్రం బిగించాక నేను స్టీరింగు ఎక్కబోతే ఆగమని చెయ్యెత్తాడు. తెల్లచొక్కాతోనే వెల్లకిలా పడుకుని బండి కిందికి పాకాడు. కాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. లోపలినుంచి నంబరు ఒక్కొక్క అంకె పైకి చదివాడు. సిస్టరమ్మ ఫైలు తీసి సరిచూసి, సరిపోయిందంది. అప్పుడు బయటికి వచ్చాడు.

ఫస్టు గేరు వేసి క్లచ్చు మెల్లగా వదిలాను. ఎడమ చక్రం రెండుసార్లు బురద కక్కింది. బండి ఎగిరి గట్టున పడింది. వెనకనుంచి సిస్టరమ్మ చప్పట్లు, ఆమె పక్కన దగ్గు కలిసిన నవ్వు. వాచర్ని ఆమె బల్ల మీదే పడుకోబెట్టుకుని, ఎడమపక్కనే, పెంటకు చేర్చాం. ఎర్రబురద పూసిన హెడ్ క్లర్కును చూసి పెంటలో ఆడవాళ్లు, ఈయన ఏ దవాఖానలో పనిచేస్తాడని అడిగారు. ఆయన ఆ పూట వాళ్లిచ్చిన తేనె వద్దనకుండా తిన్నాడు.

శనివారం వనపర్తి పోయాను, ముందు టైరు కూడా తిరగేయించాలి కదా. చాచాకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియక, జరిగిందంతా నేల చూస్తూ చెప్పాను. ఆయన టైరు తిరగేశాడు, చాయ్ తెప్పించాడు, బాణం మీద బురద గుడ్డతో తుడిచి నాకు చూపించాడు. ఇప్పుడు చెప్పండి, ఇంతకంటే పెద్ద తిట్టు ఉంటుందా?

ఆఫీసులో కొత్త ఆర్డరు వచ్చింది. సంచార వైద్యశాల బండి ఎడమ టైర్ల నంబరు లోపలివైపు ఉన్నది, ప్రతి నెల కిందినుంచి చూడవలెను అని. ప్రతి నెలా మొదటి సోమవారం హెడ్ క్లర్కు గోనెపట్టా ఒకటి పరుచుకుని బండి కింద దూరేవాడు. ఆఫీసంతా కిటికీల్లోంచి చూసి నవ్వేది. నేను మాత్రం నవ్వేవాణ్ని కాదు. ఆ గోనెపట్టాకు కూడా నంబరు వేయించాడని తెలిసిన రోజు ఒక్కసారి నవ్వాను.

ఆ తర్వాత ఒక్క గురువారం కూడా తప్పలేదు. వానలు పోయి చలి వచ్చింది. గుబ్బల టైర్లు మంచుకు తడిసిన తారు మీద తమ గుణం చూపించాయి. మలుపుల దగ్గర బండి తల ఒకవైపు, తోక ఒకవైపు. గద్వాల డ్రైవరు ముందే చెప్పాడు, నేనే వినలేదు. ఎద్దుబండ్లు దాటిపోతున్నా పట్టించుకోకుండా మెల్లగా తోలాను. వానాకాలానికి కొన్న టైరుకు చలికాలంలో కట్టే జరిమానా ఆలస్యమే. అది కట్టుకోవడానికి నాకు మనసొప్పింది. మీకు నేను చెప్పగలిగిన సలహా కూడా అంతే. ఏ టైరైనా కొనండి. కొన్నాక అది ఏం చెబుతోందో చూడండి, ఎక్కించేవాడు ఏం చెబుతున్నాడో వినండి.

చివరి పట్టీ అయిపోయిన గురువారం సిస్టరమ్మ అతని చేత ఆఖరి మోతాదు మింగించి, కఫం పరీక్షకు పంపింది. రోగం పోయిందని తేలింది. ఆ కబురు మేం పెంటకు మోసుకెళ్లినప్పుడు అతను అక్కడ లేడు. పొద్దున్నే ఎటో వెళ్లాడన్నారు. సిస్టరమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది. ఆ వారం అలా పోయింది.

మరుసటి గురువారం తెల్లవారుజామున మంచు ఇంకా విడలేదు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడ్డకర్ర దించి ఉంది. హారను కొట్టాను. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కొట్టాను. మంచులోంచి ఖాకీ చొక్కా ఒకటి వచ్చి, నావైపు చూడకుండా నేరుగా బండి వెనక్కి పోయింది. మాకు వారం వారం అడక్కుండానే ఎత్తే గేటు, ఇవాళ ఈ కొత్త దర్జా ఏమిటని నాకు చిరాకేసింది. తల బయటపెట్టి చూశాను. ఆ మనిషి రోడ్డు పక్క తడిమట్టి దగ్గర వంగి కుడి గుర్తు చూశాడు. ఇటు నడిచి ఎడమ గుర్తు చూశాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు. కట్టె లేదు, దగ్గు లేదు. డ్యూటీలో చేరి వారమైందట, రాత్రంతా అడవిలో తిరిగి అప్పుడే గేటు దగ్గరికి వచ్చాడట.

సిస్టరమ్మ నా భుజం పట్టుకుంది. నా కళ్లముందు మంచు ఒక్కసారి చిక్కబడింది, అది మంచేనని ఆమెకు చెప్పాను.

అతను ముందుకొచ్చి అడ్డకర్ర మీద చేయి వేశాడు.

"రెండు ఒక్కదిక్కే పోతున్నయన్నా," అని గేటు ఎత్తాడు. "పో."